హోడెస్ మెట్లు దిగిన శనివారం

హోడెస్ మొగుడు ఎక్కడున్నాడో నాకు తెలిశాక రెండు నెలల వరకూ ఆ సంగతి హోడెస్‌కి తెలియదు. ఆ రెండు నెలలూ నేను ఆమె ముఖంలోకి సూటిగా చూడలేకపోయాను.

మా సినగాగ్, అంటే యూదులమైన మా ప్రార్థనామందిరం, లడ్లో వీధిలో ఉంది. మా పాత ఊరు స్టాఖోవ్ నుంచి అమెరికాకు ఓడలెక్కి వచ్చిన వాళ్లమంతా కలిసి, జర్మన్లు వదిలేసి వెళ్లిన చర్చిని కొని మార్చుకున్నాం. మా ఆయన ఫైవిష్ అక్కడ పనులన్నీ చూసుకునేవాడు. దీపాలకు నూనె పోయడం, బల్లలు తుడవడం, తెల్లవారుజామున ఇంటింటి తలుపూ తట్టి మగవాళ్లను ప్రార్థనకు లేపడం ఆయన పని. ఆడవాళ్లు కూర్చునే పై వసారా ఊడ్చేది నేను. అందుకు బదులుగా మాకు నేలమాళిగలో ఒక గది ఇచ్చారు. కిటికీ లోంచి మనుషుల కాళ్లు మాత్రమే కనిపించేవి. అయినా అది మాకు ఇల్లే.

హోడెస్ మా ఎదురు భవనంలో నాలుగో అంతస్తులో ఉండేది. కోట్లకు బొత్తాం కాజాలు కుట్టేది. అప్పటికి ఐదేళ్ల కింద, 1906లో, ఆమె మొగుడు జావెల్ పొద్దున్నే పనికని బయల్దేరి మళ్లీ రాలేదు. అప్పటికి వాళ్ల కూతురు ఫ్రాడెల్‌కి నాలుగేళ్లు. ఆసుపత్రుల్లో వెతికారు, శవాల గదుల్లో వెతికారు, దొరకలేదు. మా ధర్మంలో మొగుడు తన చేత్తో విడాకుల పత్రం ఇస్తే తప్ప ఆడదానికి విడుదల లేదు. చచ్చాడని సాక్ష్యమైనా ఉండాలి. రెండూ లేనందువల్ల హోడెస్ పెళ్లాం కాదు, విధవా కాదు. పండక్కి మిగతా ఆడవాళ్లు మొగుళ్ల మీద చాడీలు చెప్పుకుంటూ కూర్చుంటే ఈమె ఏ గుంపులో కూర్చోవాలో తెలియక మెట్ల దగ్గర నిలబడేది.

ఒక గురువారం నేను పై వసారా ఊడుస్తున్నాను. కింద సంఘం అధ్యక్షుడు గెట్సల్ తన బావమరిదితో, పేటర్సన్ ఊళ్లో వాళ్ల మిల్లు చూసుకునే ఆయనతో, మాట్లాడుతున్నాడు. పైన మనిషి ఉందని వాళ్లకు తెలియదు.

"ఆ హోడెస్ మొగుడు లేడూ, జావెల్? మన పేటర్సన్ రిబ్బన్ల మిల్లులోనే ఉన్నాడు బావా. పేరు సామ్ అని పెట్టుకున్నాడు. మగ్గాల మీద వాడంతటి పనివాడు ఇంకొకడు లేడు."

"నోరెత్తకు. ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడిందంటే వాడు మళ్లీ పారిపోతాడు. సీజన్ అయిపోనీ, చూద్దాం," అన్నాడు గెట్సల్.

చీపురు అలాగే పట్టుకుని బల్ల వెనక కూర్చుండిపోయాను. ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే ఆయన ముందు లేచి తలుపు మూశాడు.

"నువ్వేం వినలేదు ష్ప్రింట్సా. గెట్సల్‌కి కోపం వస్తే రేపీపాటికి మన మంచం వీధిలో ఉంటుంది."

"మరి హోడెస్ సంగతేంటి?"

"నాకు తెలీదు. నన్నడక్కు."

ఆయన చెడ్డవాడు కాదు. భయస్థుడు. నేనూ అంతే. సీజన్ అయిపోయింది, ఇంకో సీజన్ మొదలైంది, గెట్సల్ నోరు తెరవలేదు.

తర్వాత నాకు జ్వరమొచ్చింది. హోడెస్ గిన్నెడు బార్లీ సూప్ పట్టుకుని దిగి వచ్చింది. నా నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ మామూలుగా అడిగింది.

"అక్కా, నాకో సంగతి చెప్పు. ఫ్రాడెల్ వాళ్ల నాన్న ఆరోగ్యం కోసం రోజూ దణ్ణం పెట్టుకుంటోంది. చచ్చిపోయినవాడి ఆరోగ్యం కోసం దణ్ణం పెట్టొచ్చా? తప్పేం లేదు కదా?"

ఇక నా వల్ల కాలేదు. దుప్పటి ముఖం మీదికి లాక్కుని ఆ చీకట్లోంచే అంతా చెప్పేశాను. మిల్లు, కొత్త పేరు, గెట్సల్, నేను నోరు మూసుకున్న రెండు నెలలు, ఏదీ దాచలేదు. దుప్పటి తీసి చూస్తే ఆమె తడిగుడ్డ పిండుతోంది.

"పేటర్సన్ ఎంత దూరం?" అంది.

"పడవలో నది దాటి రైలెక్కాలట."

"సూప్ తాగు, చల్లారిపోతుంది. నీ మీద కోపం లేదనను. ఉంది. కానీ ముందు తాగు."

ఆదివారం పేటర్సన్ వెళ్లింది. జావెల్ ఆమెను కిటికీలోంచి చూసి వెనక తలుపున జారుకున్నాడని తర్వాత తెలిసింది. సాయంత్రం దాకా వీధిలో నిలబడి తిరిగొచ్చింది. తర్వాత గెట్సల్ దగ్గరికి మూడుసార్లు వెళ్లింది. మొదటిసారి ఆయన ఏమీ తెలియదన్నాడు. రెండోసారి చూద్దామన్నాడు. మూడోసారి వెటకారమాడాడు.

"ఏంటంత తొందర? ఎవడో దొరికాడన్నమాట!"

"ఎవడూ దొరకలేదు రెబ్ గెట్సల్. ఎవడూ అక్కర్లేదు. అయినా నా కాగితం నాక్కావాలి," అని చెప్పి వచ్చేసింది. రెబ్ అంటే మాలో గారు అన్నట్టే.

ఆ శనివారం ఏం చేయబోతోందో ముందుగా నాకు మాత్రమే చెప్పింది. మా పాత ఊళ్లలో ఒక ఆనవాయితీ ఉండేది. అన్యాయం జరిగి ఎవరూ పట్టించుకోకపోతే, ఆ మనిషి సినగాగ్‌లో లేచి మా ధర్మగ్రంథమైన తోరా పఠనం ఆపించవచ్చు. గోడు వినేదాకా చదవడానికి వీల్లేదు. స్టాఖోవ్‌లో వాళ్ల అమ్మమ్మ ఒకసారి ఆపిందట. అమెరికా వచ్చాక ఎవరైనా ఆపినట్టు నేను వినలేదు.

"నేను ఒక్కదాన్నే దిగుతా. నువ్వు నాతో రావద్దు, మీ గది పోతుంది," అంది.

శనివారం వచ్చింది. మందసం తెరిచి తోరా చుట్టను ఎత్తుకొచ్చి మధ్యలో బల్ల మీద పెట్టారు. ముఖమల్ తొడుగు తీశారు. చదివే ఆయన అక్షరాల మీద ఆనించే వెండి పుల్ల చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు నా పక్కనున్న హోడెస్ లేచింది. చెక్క మెట్లు. ఒక్కొక్క అడుగూ కింద అందరికీ వినబడింది. ఆడమనిషి మగవాళ్ల మధ్యలోంచి నడుస్తుంటే వాళ్లు శాలువాలు దగ్గరికి లాక్కుని దారిచ్చారు. ఆమె బల్ల దగ్గరికి వెళ్లి అంచు మీద అరచెయ్యి పెట్టింది.

"చదవొద్దు. నా మాట వినేదాకా చదవొద్దు."

ఒక్కసారిగా గోల లేచింది. గెట్సల్ తూర్పు గోడ పక్కనున్న తన కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"ఫైవిష్! ఈవిణ్ణి బయటికి పంపు! ఇది సినగాగా, చేపల బజారా?"

అందరూ మా ఆయన వైపు తిరిగారు. ఆయన పొట్టి మనిషి. పైనుంచి నాకు ఆయన బట్టతల, ఎర్రబడిన చెవులు కనిపిస్తున్నాయి. ఆయన మెల్లగా బల్ల దగ్గరికి నడిచాడు. చెయ్యెత్తి అరచేత్తో బల్ల మీద గట్టిగా కొట్టాడు. జనాన్ని నిశ్శబ్దంగా ఉండమనడానికి ఆయన ఎప్పుడూ కొట్టే దెబ్బే అది.

"మాట్లాడుతోంది కదండీ. వినండి," అన్నాడు. మాట వెనక వరస దాకా వినబడింది.

పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో ఆయన మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ రాలేదు.

మా మతగురువు రబ్బీ గారు ముసలాయన, సరిగ్గా కనిపించదు. తోరా మీద గుడ్డ కప్పమని సైగ చేశారు. "ఆగుదాం. చెప్పు తల్లీ," అన్నారు.

హోడెస్ ఏడవలేదు. మొగుడు ఎక్కడున్నాడో, ఏ పేరుతో ఉన్నాడో, ఎవరికి ఎప్పటినుంచి తెలుసో చెప్పింది. ఎవరు చెప్పారో మాత్రం చెప్పలేదు.

"అబద్ధం!" అన్నాడు గెట్సల్.

"అబద్ధమైతే అబద్ధమని తోరా ముందు చెప్పండి రెబ్ గెట్సల్. వెళ్లిపోతాను."

గెట్సల్ తన శాలువా అంచు సర్దుకున్నాడు. నిమిషాలు గడిచాయి. ఎవరూ కదలరు, ఎవరూ చదవరు. వెనక వరసలోంచి ఉప్పుచేపలమ్మే జుర్లా అరిచాడు.

"ఒప్పేసుకోవయ్యా గెట్సల్! నిన్నటినుంచి బేకరీ పొయ్యిలో ఉన్నాయి మా కుండలు. బీన్సూ మాంసమూ మాడి బొగ్గయిపోతున్నాయి!"

శనివారం మేం పొయ్యి వెలిగించం, అందుకని శుక్రవారమే కుండలు బేకరీలో పెడతాం. కొందరు నవ్వారు. గెట్సల్ నవ్వలేదు. అప్పుడు పై వసారాలో మొదటి వరసలోంచి ఆయన భార్య రోయ్జా లేచింది. ముత్యాల హారం, పక్షి ఈకల టోపీ. ఎప్పుడూ మాలాంటి వాళ్లతో మాట్లాడేది కాదు. వసారా కటకటాల మీదికి వంగి అంది:

"గెట్సల్, నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా? వాడు పోయిన హనుక్కా పండక్కి మా తమ్ముడింట్లో నా ఎదురుగా కూర్చుని తిన్నాడు. ఆ రోజునుంచి నాకు అన్నం సయించడం లేదు."

గెట్సల్ కుర్చీలో కూలబడ్డాడు. జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. మళ్లీ మాట్లాడినప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. ఆయనకీ ఏదో బరువు దిగినట్టే అనిపించింది నాకు.

"రెండు వారాల్లో వాణ్ణి తీసుకొస్తాను. అందరి ముందూ మాటిస్తున్నాను."

హోడెస్ బల్ల మీంచి చెయ్యి తీసింది. "ఇక చదవండి," అని చెప్పి మెట్లెక్కి వచ్చి నా పక్కన కూర్చుంది. నా శాలువా తీసి ఆమె భుజాల మీద కప్పాను. రోయ్జా వెనక్కి తిరిగి కళ్లు తిరిగితే పీల్చే తన వాసన సీసా అందించింది.

మరుసటి వారం మంగళవారం పొద్దున్న రబ్బీ గారి ఇంట్లో కలిశాం. విడాకుల పత్రం రాసే లేఖకుడు ఈక కలం చెక్కుతూ కూర్చున్నాడు, పక్కన ఇద్దరు సాక్షులు. పదింటికి రావాల్సిన జావెల్ పదకొండైనా రాలేదు. హోడెస్ గోడ గడియారం వైపు చూడకుండా తన చేతుల్నే చూసుకుంటోంది. పదకొండూ పావుకి మెట్ల మీద చప్పుడైంది. ముందు గెట్సల్, వెనక జావెల్. గడ్డం తీసేశాడు. చిక్కిపోయాడు. టోపీ చేతుల్లో నలుపుతున్నాడు. నేను తిడదామని నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను. అతన్ని చూశాక అవి వదిలేసి కుర్చీ చూపించాను.

పత్రంలో పేర్లన్నీ రాయాలి. ఒక్క పేరు తప్పినా పత్రం చెల్లదు. లేఖకుడు అడిగాడు:

"నీ పేరు?"

"జావెల్. ఇక్కడ సామ్ అంటారు."

"అమ్మ ఏమని పిలిచేది?"

"జావెల్కె."

లేఖకుడు హోడెస్ వైపు తిరిగాడు. "ఇంట్లో నువ్వు ఏమని పిలిచేదానివమ్మా?"

"గాడిదా అని పిలిచేదాన్ని."

లేఖకుడు కలం ఆపాడు. "అది రాయడం కుదరదు."

ముందుగా నవ్వింది జావెలే. తర్వాత సాక్షులు నవ్వారు, రబ్బీ గారు గడ్డంలో నవ్వుకున్నారు, చివరికి హోడెస్ కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే జావెల్ ఏడుపులోకి దిగిపోయాడు.

"ఎవరి బలవంతమూ లేకుండా ఇస్తున్నావా?" అని అడిగారు రబ్బీ గారు.

"నా ఇష్టంతోనే. ఆ రోజు పని ఊడింది రబ్బీ గారూ. ఉత్త చేతుల్తో ఇంటికెళ్లలేక ఒక్క రాత్రి బయట పడుకున్నాను. రెండోరోజు ఇంకా సిగ్గేసింది. నెల గడిచాక ఏం చెప్పాలో తెలీలేదు. ఏడాది గడిచాక..." చేతులు దులిపినట్టు చూపించాడు. "వీధిలో ఎవరైనా గట్టిగా పిలిస్తే చాలు, గుండె ఆగిపోయేది. ఇక చాలు."

పన్నెండు వరసల పత్రం. రెండు నదుల ఒడ్డునున్న ఈ నగరం పేరు కూడా అందులో రాశారు. ఆరబెట్టి, మడిచి, జావెల్‌కిచ్చారు. హోడెస్ రెండు చేతులూ దోసిలిలా పట్టింది. అతను కాగితాన్ని అందులో వదిలాడు. ఆమె వేళ్లు మూసుకుని చేతులు పైకెత్తి, నియమం ప్రకారం నాలుగడుగులు వేయాలి. నాలుగు కాదు, గది చివర కిటికీ దాకా నడిచింది. అక్కడ నిలబడి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరి మా అందరికీ వినబడింది.

"ఇక నువ్వు స్వతంత్రురాలివి," అన్నారు రబ్బీ గారు.

బయటికొస్తుంటే జావెల్ మెట్ల మీద ఆగాడు. "హోడెస్, ఫ్రాడెల్... ఒక్కసారి..."

ఆమె అతని బూట్ల వైపు చూసింది. "ఆదివారం రా. కింద వీధిలో నిలబడు. దాన్ని పంపిస్తాను. వస్తానని రాకపోతే మాత్రం మళ్లీ నా ముందుకు రాకు."

"వస్తాను."

వచ్చాడు కూడా. చాలా ఆదివారాలు వచ్చాడు.

గెట్సల్ మమ్మల్ని గదిలోంచి వెళ్లగొట్టలేదు. మా ఆయన్ని చూసినప్పుడల్లా ముఖం పక్కకి తిప్పుకునేవాడు. ఆర్నెల్లయ్యాక అదీ మానేశాడు.

పత్రం చేతికొచ్చిన ఆ మంగళవారం హోడెస్ నాలుగో అంతస్తు ఎక్కలేకపోయింది. "ఒక్క నిమిషం," అంటూ మా నేలమాళిగ గదిలో మా మంచం మీద బూట్లతోనే వాలింది. మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది. ఫ్రాడెల్ బడినుంచి వచ్చి మాతో తిని నా పక్కన నేల మీద పడుకుంది. మా ఆయన రెండుసార్లు దగ్గరికెళ్లి ఊపిరాడుతోందా అని వంగి చూశాడు. తెల్లారి ఎండ కిటికీలోకి వచ్చాక గానీ హోడెస్ లేవలేదు. జుట్టు చెదిరి, చెంప మీద దిండు గీతలు పడి ఉన్నాయి.

"అక్కా, ఇవాళ ఏం వారం?"

"బుధవారం."

"అయ్యో, పనికి ఆలస్యమైపోయింది," అంది. కానీ లేవలేదు. రొట్టె ముక్క మీద ఉల్లిపాయ పెట్టి ఇస్తే మంచం మీదే కూర్చుని తిన్నది. ఇంకో ముక్క అడిగింది. అదీ అయ్యాక ఇంకోటి ఉందా అని అడిగింది.