మీట విరిగిన సైడ్ డ్రమ్ము

నేను ఒక సైడ్ డ్రమ్మును. బ్యాండులో పెద్ద డ్రమ్ము పక్కన నడుస్తానని ఆ పేరు పెట్టారు గానీ, నన్నడిగితే పక్కన నడిచేది అదే. ఎవరైనా నన్ను 'చిన్న డ్రమ్ము' అన్నారంటే నాకు ఒళ్ళు మండుకొస్తుంది. ఇత్తడి ఒళ్ళు నాది. ఇంగ్లండులో ఓ కార్ఖానాలో రేకు వంచి, సానబట్టి, నికెలు పూత పూసి నన్ను ఓడెక్కించారు. కాకినాడ రేవులో దిగిన రోజున కూలీలు నా ఒంట్లో ముఖాలు చూసుకుని తలపాగాలు సర్దుకున్నారంటే నమ్ముతారా? నమ్మకపోతే మీ ఇష్టం.

నన్ను తెప్పించుకున్న దొర బడిపిల్లల చేత కవాతు చేయిస్తానన్నాడు. పిల్లలకు కాళ్ళు కుదరలేదు, ఆయనకు ఎండ పడలేదు. వెళ్ళిపోతూ నన్ను జగన్నాథపురం చర్చి బ్యాండుకిచ్చాడు. అక్కడ జకరయ్య మెడలో పడ్డాను. జకరయ్య తరవాత ఆయన కొడుకు యోనా. 'డ్రమ్ము చేతులు మారింది' అని వీళ్ళంటారు. నేనెక్కడికి మారానండీ? నేను అక్కడే ఉన్నాను, మనుషులే మారిపోతున్నారు.

యోనాకు ఎడమచెయ్యి పడిపోయాక అతని కూతురు ఎస్తేరు నన్ను అందుకుంది. మందుల షాపులో పనిచేస్తుంది. తలగడ మీద కర్రలు ఆడించి చెయ్యి సాధించింది. కాని చర్చి పెద్దలు ఒప్పుకుంటేనా!

"ఆడపిల్ల మెళ్ళో డ్రమ్మేంటండీ? చూసేవాళ్ళు నవ్వరూ?" అన్నారు.

బ్యాండు మాస్టారు సమూయేలు అటూ ఇటూ కాకుండా తీర్పు చెప్పాడు. "ఈ ఒక్క ఈస్టరు చూద్దామండీ. బాగా వాయిస్తే అమ్మాయే ఉంటది. తేడా వచ్చిందా, మా ప్రభుదాసు ఉండనే ఉన్నాడు." ప్రభుదాసు ఆయన అన్న కొడుకు. వాడి దగ్గర తళతళలాడే కొత్త డ్రమ్ము ఉంది. దాన్ని చూస్తేనే నాకు కడుపుమంట.

ఈ బ్యాండుకు ఓ ఆచారం ఉంది. నా కింది తోలుకు అడ్డంగా సన్నటి ఉక్కు తీగెలుంటాయి. పక్కనున్న మీట పైకెత్తితే తీగెల కొసకు కట్టిన తాడు బిగిసి, అవి తోలుకు అంటుకుని నా గొంతు గరగరమని మోగుతుంది. మీట దించితే తీగెలు జారిపోయి, దబ్బు దబ్బుమని ఏడుపుగొట్టు శబ్దం వస్తుంది. గుడ్ ఫ్రైడే నుంచి ఈస్టరు తెల్లవారుజాము దాకా మీట దించే వాయించాలి. ఊరేగింపు సమాధుల తోట గేటు దగ్గర ఆగుతుంది. పాస్టరు గారు "క్రీస్తు లేచెను!" అని కేక వెయ్యగానే మీట టక్కున లేవాలి, నేను ఉరమాలి. అంతవరకూ ఎవరూ పాట ఎత్తరు. ఏడాదికంతటికీ ఆ ఒక్క మోత కోసం ముసలీ ముతకా చీకట్లోనే లేచి వస్తారు.

ఆ గుడ్ ఫ్రైడే ఆరాధన అయ్యాక, రెండ్రోజుల్లో ఎత్తబోయే మీటే కదా అని ఎస్తేరు ఒక్కసారి ఎత్తి చూసుకుంది. అంతే! నూరేళ్ళకు దగ్గరపడిన తెల్లలోహపు మీట పుటుక్కున రెండు ముక్కలైంది. పిల్ల ముక్కల్ని కొంగులో దాచేలోపే మాస్టారు చూశాడు.

"రేపు పొద్దుగూకేలోపు బాగుచేయించుకో అమ్మాయ్. లేదంటే చెప్పు, ప్రభుదాసుకి కబురు పెడతాను," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

శనివారం నన్ను గోనెసంచిలో పెట్టుకుని ఊరంతా తిరిగింది. మెయిన్ రోడ్డు సంగీత వాయిద్యాల షాపులో కొత్త మీటలు బోలెడున్నాయి. ఒక్కదాని బోల్టులూ నా చిల్లులకు ఎదురుగా రావు.

"దీన్దేవుందమ్మా, డ్రిల్లు పెట్టి రెండు చిల్లులు కొట్టేస్తే సరి," అంటూ షాపతను మిషన్ ఆన్ చేశాడు. దాని ముక్కు నా పొట్ట మీదికి దిగుతుంటే నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఎస్తేరు రెండు చేతులూ అడ్డుపెట్టింది.

"వద్దండీ బాబూ! మా తాత డ్రమ్మండీ ఇది. చిల్లు పెట్టేది లేదు."

వెల్డింగు షాపులో మంట తగలగానే విరిగిన ముక్క మైనంలా కారిపోయింది. దాంతో పాత మీట మీద ఉన్న ఆశా పోయింది. పొద్దు వాలిపోతోంది. చివరికి పాత ఇనుము కొట్టు వలీ సాయిబు గుట్టలోంచి ఓ నలిగిపోయిన డ్రమ్మును లాగాడు. నా జాతిదే. ఒళ్ళంతా కళేబరమే గానీ, దాని మీట మాత్రం చెక్కు చెదరలేదు. ఎస్తేరు ఊడదీసి నా పక్కన పెట్టింది. చిల్లులు సరిగ్గా ఎదురొచ్చాయి!

"అల్లా దయ! పట్టుకెళ్ళమ్మా," అన్నాడు సాయిబు.

మొదటి బోల్టు దిట్టంగా బిగిసింది. రెండోది తిరుగుతుందే గాని పట్టదు. మీట లోపలి మర అరిగిపోయింది. వేరే బోల్టు వేద్దామంటే ఇప్పటి బోల్టుల మర వేరు, నా మర వేరు. ఎస్తేరు కుళాయి మరకు చుట్టినట్టు బోల్టుకు నూలుదారం చుట్టి, బిర్రుగా లోపలికి తిప్పింది. పట్టినట్టే ఉంది. ఓసి పిచ్చిపిల్లా! కుళాయి గోడకు కదలకుండా ఉంటుంది. నేను కదలకుండా మోగేదెట్లా?

ఆ సాయంత్రం మాస్టారు మీట ఎత్తాడు, దించాడు, వేలితో రెండు దెబ్బలు కొట్టి చూశాడు.

"గట్టిగా పట్టిందా?"

"పట్టిందండి," అంది నేల చూస్తూ.

తెల్లవారుజామున ఊరేగింపు కదిలింది. కొవ్వొత్తులు, తెల్లబట్టలు, చప్పుడు చెయ్యని జనం. అడుగుకో దెబ్బ. దెబ్బకో వణుకు. వణుకు వణుకుకూ ఆ దిక్కుమాలిన దారం వదులవుతోంది, బోల్టు వెనక్కి జరుగుతోంది. నాకు తెలుస్తోంది. ఎస్తేరుకూ తెలిసింది. బొటనవేలితో బోల్టును లోపలికి నొక్కుతూనే ఉంది. మళ్ళీ కర్ర ఎత్తాలి కదా, ఎంతసేపు నొక్కగలదు? ఆమె చేతుల చెమట నా అంచు మీద పడుతోంది. మాకు వెనకనే ప్రభుదాసు కొత్త డ్రమ్ము మెళ్ళో వేసుకుని నడుస్తున్నాడు. ఎందుకైనా మంచిదని పెద్దలు తెమ్మన్నారట. ఎంత ముందుచూపో!

గేటు దగ్గర ఆగాం. తూర్పున వెలుగు రేఖ లేచింది.

"క్రీస్తు లేచెను!" అని పాస్టరు గారు కేక వేశారు.

ఎస్తేరు మీట ఎత్తింది. దారం చుట్టిన బోల్టు ఊడి రాళ్ళలో పడింది. మీట గిర్రున తిరిగి తలకిందులుగా వేలాడింది. నా తీగెలు జారిపోయాయి. కర్ర పడింది, దబ్బుమంది. చావు మోత! ఈస్టరు పొద్దున, సమాధుల గేటు ముందు, చావు మోత! సిగ్గుతో చచ్చిపోయాను. జనంలో ఒక్కరూ పాట ఎత్తలేదు. ఎవరో ముసలమ్మ "అయ్యో ప్రభువా" అంది. ప్రభుదాసు కర్రలు తీసి ఓ అడుగు ముందుకేశాడు. ఎస్తేరు మెడలోంచి నన్ను తీసెయ్యడానికి తోలు పట్టీ మీద చెయ్యి వేసింది.

అప్పుడు సమూయేలు మాస్టారు తన క్లారినెట్టును ప్రభుదాసు చేతిలో పెట్టాడు. వాడి రెండు చేతులూ దానితో నిండిపోయాయి. ఇస్త్రీ మడత నలగని తెల్ల యూనిఫాంతో ఆయన ఆ మట్టిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వేలాడుతున్న నా తీగెల తాడును చూపుడువేలికి రెండు చుట్లు చుట్టి, పైకి గట్టిగా లాగిపట్టాడు. తీగెలు తోలుకు అంటుకున్నాయి.

"ఊఁ! వాయించవే," అన్నాడు.

"మాస్టారండీ, మీ వేలు..."

"నా వేలి సంగతి నాకొదిలెయ్. జనం చూస్తున్నారు, వాయించమంటుంటే!"

వాయించింది. ఆ తల్లి ఎలా వాయించిందో! జకరయ్య చేతికింద కూడా నేను అలా ఉరమలేదు, ఒట్టు. గేట్లు తెరుచుకున్నాయి, జనం పాట ఎత్తుకున్నారు, ముసలమ్మ ఏడుస్తూ నవ్వుతోంది. కింద మాత్రం తాడు ఆయన వేలిని కోస్తోంది. వెచ్చటి నెత్తురు నా ఇత్తడి మీద జారుతున్నా, పాట ముగిసేదాకా ఆయన పట్టు సడలించలేదు. లేచాక ఆమె ముఖంలోకి చూసి, "దారం చుట్టావా? పిచ్చిమొహమా, నాకు చెప్పకూడదా?" అన్నాడు. ఎస్తేరు ఒక్కసారిగా వెక్కివెక్కి ఏడ్చేసింది.

ఆరాధన అయ్యాక పెద్దలు చర్చి మెట్ల మీద చేరారు. ఒకాయన గొంతు సవరించుకున్నాడు.

"అయితే మాస్టారూ, వచ్చే ఏడాది సైడ్ డ్రమ్ము ఎవరండీ?"

సమూయేలు వేలికి కట్టిన జేబురుమాలును పళ్ళతో లాగి ముడి బిగించుకున్నాడు.

"ఎస్తేరండీ. మీట దొరక్కపోతే నాకింకా తొమ్మిది వేళ్ళున్నాయి."