చేదువేరు కాచిన నీళ్లు

ఏట్లో పడవ బోల్తాపడి చనిపోయిన బావొలిన్, ఏడాది తిరిగినా పొద్దువాలేసరికి ఇంటికొచ్చి పెళ్లానికి వీపు చూపించేవాడు. ఒళ్లంతా ఒకటే దురద. ఒడ్డునే చెమ్మనేలలో పూడ్చారు మరి.

అతని భార్య సూహువాది మందుమూలికల అంగడి. ఒంటి దురదలకి ఆ ఊళ్లో ఆమె చేతిమందే మందు. అంగడి కట్టేసి చేదువేరు, చీపురుమొక్క గింజలు కుండలో వేసి మరిగించేది. ఆ వాసన తగలగానే పక్కింటావిడ, "మీ ఆయనొచ్చే వేళయింది" అని తన పనిలో పడేది.

బావొలిన్ చెక్కతొట్టిలో కూర్చునేవాడు. సూహువా కషాయం పోస్తుంటే, మిరప తోట ఎలా కాసిందని అడిగేవాడు. ఆ పూటకి దురద తగ్గేది. మర్నాడు మళ్లీ మామూలే.

ఆ వేసవిలో గోకి గోకి అతని భుజాలు అరిగిపోయాయి. వాటిలోంచి వెనక గోడ కనబడసాగింది.

ఒకరోజు అత్త అంగట్లో కూర్చుని చేదువేళ్లు చీలుస్తూ అడిగింది.

"కీచురాళ్లు విడిచిన పొట్టు అయిపోయిందా?"

"ఉందత్తా."

"ఊళ్లో అందరికీ వేస్తావు. వాడికే వెయ్యవు."

సూహువా తలెత్తలేదు. "అది వేస్తే నయమైపోతుంది. నయమైతే ఇంక రాడు."

"తెలుసే. కన్నదాన్ని, నాకు మాత్రం చూసుకోవాలని ఉండదా? కానీ వాడి భుజాలు చూశావా?"

ఆ సాయంత్రం సూహువా గుప్పెడు పొట్టు తీసింది. కుండ మీద చెయ్యి చాపి చాలాసేపు నిలబడి, చివరికి పొట్టు అందులో వదిలేసింది.

"వాసన వేరేగా ఉందే" అన్నాడు బావొలిన్.

"కొత్త సరుకు."

నీళ్లు పోస్తుంటే అతని చేతులు గోకడం మానేసి తొట్టి అంచున వాలాయి.

"మొదట్లోనే తగ్గిపోతుందేమోనని భయపడ్డాను" అన్నాడు మెల్లగా. "నువ్వు తగ్గనివ్వలేదు. ఇప్పుడింక ఏ వంక పెట్టుకుని రాను?"

సూహువా తువ్వాలు తీసుకుని వీపు తుడిచింది. తడి ఆరిపోయినా తుడుస్తూనే ఉంది.

"పోనీవే వాణ్ని" అంది గోడవార కూర్చున్న అత్త.

బావొలిన్ చొక్కా వేసుకున్నాడు. తల్లి కేసి ఒకసారి చూసి గుమ్మం దిగాడు. ఎప్పుడూ వెళ్లే ఏటిదారి వదిలేసి కొండదారి పట్టాడు.

తొట్టిలో నీళ్లు చల్లారిపోయాయి. వాటిని పారబోయడానికి ఆ ఆడవాళ్లిద్దరిలో ఎవరికీ లేవబుద్ధి కాలేదు.