మూడు వేళ్ళ నోరు

కత్తెర కరకరమంటూ రేకును కొరుక్కుంటూ పోతోంది. నరసన్నపేట బజారులో ఆ చప్పుడు వింటే పళ్ళున్నవాళ్ళకి పళ్ళు జివ్వుమంటాయి, లేనివాళ్ళకి చిగుళ్ళు జివ్వుమంటాయి. అప్పలసూరికి మాత్రం అదే జోలపాట. గొంతుక్కూచుని, మూరెడు పొడవున్న కత్తెర పిడిని రెండు చేతులా నొక్కుతూ, కింది పెదవి పంటితో పట్టుకుని కోస్తున్నాడు. రెండో కొసన అతని పెళ్ళాం తవిటమ్మ కుచ్చెళ్ళు ఎగదోపుకుని, ఒట్టి కాలితో రేకును తొక్కిపట్టి నిలబడింది. పల్చటి రేకును అలా తొక్కిపట్టకపోతే ఎగిరెగిరిపడుతుంది, కోత వంకరపోతుంది. ఆ కొట్లో బల్లా లేదు, బిగింపూ లేదు. ఉన్నది తవిటమ్మ మడమ ఒక్కటే. ఊళ్ళో ఏ ఇంటి ట్రంకుపెట్టె తిరగేసినా అడుగున ఆ మడమ అచ్చు కనిపిస్తుందని చెప్పుకునేవాళ్ళు.

నాలుగు కోతలు కోయడం, కత్తెర దించడం, నోరు బార్లా తెరిచి ఎడమచేతి మూడు వేళ్ళు నిలువుగా లోపల పెట్టి చూసుకోవడం. పొద్దున్నుంచీ ఇదే వరస.

"దూరినాయా మావా?" అంది తవిటమ్మ.

వేళ్ళు నోట్లో ఉండగానే తల ఊపాడు.

"అయితే ఇయ్యాలకి సావవులే. కొయ్యి."

సంగతేమిటంటే, వారం కిందట తుప్పురేకు అంచు అతని బొటనవేలు చీరేసింది. షావుకారు జగన్నాధం గోడౌను రేకులు గాలివానకి లేచిపోయి పెంటకుప్పల మీద పడితే, ఆయన వాటిని ఏరి తెప్పించి, బెల్లం డబ్బాలు చేసిపెట్టమని ఇక్కడ పడేశాడు. అవీ ఆ రేకులు. రేకుపనివాడికి దెబ్బ తగలడం వింత కాదు. అప్పలసూరి అరచేతి గీతలు చూసి జిల్లా పటం గీయొచ్చు, వంశధార ఎక్కడ మలుపు తిరిగిందో కూడా చూపించొచ్చు. కానీ ఈ కోతకి అతను జడిశాడు. అతనికి పని నేర్పిన సూరయ్య ఇలాంటి తుప్పుకోతకే ధనుర్వాతం వచ్చి పోయాడు. ముందు దవడ బిగిసింది. తరవాత మెడ. ఆఖరికి తలా మడమలూ మాత్రమే నేలకి ఆని నడుము విల్లులా లేచిపోయిందనీ, ఆ వంపు కిందనుంచి ఓ పిల్లి తోకెత్తుకుని మరీ దూరిపోయిందనీ చెప్పుకున్నారు. పిల్లి సంగతి ఊరివాళ్ళు తగిలించింది. వంపు మాత్రం అప్పలసూరి కళ్ళారా చూశాడు. ఇప్పటికీ కళ్ళు మూస్తే అదే కనిపిస్తుంది.

అంచేత బొటనవేలికి జరగవలసిన మర్యాదలన్నీ జరిగాయి. కిరసనాయిల్లో ముంచారు. పసుపూ సున్నం పట్టించారు. తవిటమ్మ చెయ్యిపట్టి ఆసుపత్రికి లాక్కుపోయి సూది కూడా వేయించింది. సూది చూసి అతను వెనకడుగేస్తే, "ఇంత కత్తెర పట్టినోడివి, దబ్బనానికి జడిసిపోతావేటి?" అని కాంపౌండరు ముందే పరువు తీసింది. అయినా అతనికి నమ్మకం కుదరలేదు. మందు ముందు నడిచిందో, తుప్పు ముందు నడిచిందో లోపలికెళ్ళి ఎవరు చూడొచ్చారు? మూడు వేళ్ళు దూరుతున్నంతకాలం ప్రాణానికి ఢోకా లేదన్నది అతను సొంతంగా కట్టుకున్న వైద్యం.

మధ్యాహ్నం జగన్నాధం గొడుగు ముడుచుకుంటూ వచ్చాడు.

"ఏరా అప్పలసూరీ, నా డబ్బాలైనాయా, ఇంకా నోరే కొలుసుకుంటన్నావా?"

"అవుతన్నాయి బాబూ. అంచులు మడవాల."

"ముందు నీ నోటికో మూత సేసుకోరా. ఈగలు కాపరం ఎడతాయి."

తవిటమ్మ నవ్వింది. నవ్వుతూ దవడ మీద చెయ్యేసుకుంది. అప్పలసూరి చూడలేదు. అతను తన వేళ్ళు చూసుకుంటున్నాడు.

అన్నాల వేళకి ఆమె చోడంబలి గుక్క గుక్కగా తాగి, ఎండుచేప అతని వైపు తోసేసింది. "నువ్వు తిను మావా. దవడాడించు." తనకి మెడ పట్టేసిందనీ, రాత్రి తలగడ సరిగ్గా లేదనీ అంది. అతను చేప నములుతూ, తన దవడ కీలు కిర్రుమంటుందేమోనని చెవి ఒగ్గి విన్నాడు.

పొద్దువాలాక తవిటమ్మ గడప పక్కన చతికిలబడి చుట్ట వెలిగించింది. ఆ వేపు ఆడవాళ్ళు కాల్చేది అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీలుస్తారు. రోజంతా రేకు తొక్కినందుకు ఆమెకి దక్కే సుఖం అదొక్కటే. చుట్ట తిప్పి నోటిదాకా తెచ్చింది. ఆగింది. మళ్ళీ తెచ్చింది. నిప్పు పెదవికి తగిలి చురుక్కుమంది.

"మావా, ఓపాలి ఇటు సూడు."

"ఏటే?"

"నోరు తెరుసుకోడం నేదు."

అప్పలసూరి చేతిలో సుత్తి ఎలా జారిందో తెలియదు. ఆమె ముందు మోకాళ్ళ మీద కూలబడి వేళ్ళు పెట్టి చూశాడు. ఒకటి దూరింది. రెండోది పళ్ళకి తగిలి ఆగిపోయింది.

"ఎక్కడ తెగిందే? ఎప్పుడు?"

ఆమె కాలు చాపింది. ఎండలకి నెర్రెలిచ్చిన మడిచెక్కలా ఉంది మడమ. పేడనీళ్ళతో ఇల్లలికీ అలికీ నల్లబడిన ఆ నెర్రెల మధ్య ఒక్కటి మాత్రం సూటిగా ఉంది.

"నీకు తెగిన్నాడే గావాల. రేకు గీరింది. పగుల్లో పగులనుకుని సుట్టనుసి కూరేను."

"నాకు సెప్పనేదేటే?"

"నీ బొటనేలు సూసుకోడానికే పొద్దు సాలనేదు గదా," అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే బిగిసి, ముఖం మీద అలాగే ఉండిపోయింది.

ఆమెని తీసుకుపోడానికి జగన్నాధం తన బెల్లం లారీ ఇచ్చాడు. శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో ఆమెని కిటికీలు మూసిన చీకటిగదిలో పడుకోబెట్టారు. "చప్పుడు కాకూడదు. చప్పుడుకే ఒళ్ళు వంగుతుంది," అని నర్సమ్మ గుసగుసగా చెప్పింది. వరండాలో ఎవరిదో గిన్నె జారింది. తవిటమ్మ నడుము మంచం వదిలి లేచింది. కింద ఏర్పడిన ఖాళీలో అప్పలసూరి రెండు చేతులూ పెట్టాడు. ఆ వంపు అతనికి తెలిసినదే. బతుకంతా చప్పుడు చేసి బతికినవాడు అప్పటినుంచీ తన ఊపిరి తనకే వినపడకుండా పీలుస్తూ కూర్చున్నాడు.

వంగిన ప్రతిసారీ ఆమె చేతి గాజులు గలగలమనేవి. ఆ గలగలకి మళ్ళీ వంగేది.

"తీసెయ్యవయ్యా," అంది నర్సమ్మ.

"మొగుడు బతికుండగా గాజులు తియ్యకూడదమ్మా."

తవిటమ్మ మళ్ళీ వంగింది. కాసేపటికి అతనే ఒక్కొక్కటీ తీశాడు. తువ్వాలు తడిపి, మడతకొక్కటి చొప్పున చుట్టాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆమె ఒళ్ళు మెత్తబడింది. నిద్ర పట్టిందనుకుని అతను సంతోషించాడు. ఈగ వాలితే ఆ రెక్కల చప్పుడుకి లేస్తుందేమోనని చేత్తో అదిలిస్తూ చాలాసేపు కూర్చున్నాడు. నర్సమ్మ వచ్చి చెయ్యిపట్టి చూసి, కిటికీ తలుపులు రెండూ ధడాలున తెరిచింది. వెలుతురూ, రోడ్డు మీది బండ్ల రొదా ఒక్కసారిగా లోపలికొచ్చాయి. మంచం మీది ఒళ్ళు వంగలేదు.

అప్పలసూరి మునివేళ్ళ మీద నడుస్తూ వరండాలోకి వచ్చి, గోడకి చేరగిలి కూచున్నాడు. ఒళ్ళో తడి తువ్వాలు. దాని మడతల్లో ఆమె ఎర్రగాజులు, ఒకదానికొకటి తగలకుండా.