పేరు పక్కన రెండు

మియావోలీలోని ఆ చిన్న రేడియో స్టేషన్లో సర్వర్ నెత్తిన శకునం కోసం పెట్టిన పసుపు చిరుతిండి ప్యాకెట్ చూసేసరికి పెంగ్‌కి ఒళ్లు మండింది.

"యున్-చెన్! ఆకుపచ్చది పెట్టాలని తెలీదూ? పచ్చలైటు వెలగాలంటే పచ్చ ప్యాకెట్టే ఉండాలి. పసుపుది పెడితే మిషన్ మొరాయించదూ?"

"కొట్లో అయిపోయాయి పెంగన్నా," అంటూనే యున్-చెన్ భోరుమంది.

డిస్కు నిండిపోయిందని పొద్దుట్నుంచీ ఫైళ్లు తగ్గిస్తోందామె. పోయిన అమ్మమ్మ తేయాకు కోస్తూ పాడిన పాట తన ఫోల్డరులోనూ కనిపించింది, స్టేషన్ ఫోల్డరులోనూ కనిపించింది. తన దగ్గరున్నది చాల్లే అని రెండోది చెరిపేసింది. ఇప్పుడు తనది తెరిస్తే, ఫైలు లేదంటోంది. అమ్మమ్మ గొంతు ఇంకెక్కడా లేదు.

పెంగ్ తెరలోకి వంగాడు. "నీదాని పక్కన బాణం చూశావా తల్లీ? అది పాట కాదు, పాట ఫలానా చోట ఉందని చెప్పే చీటీ. చీటీ దాచుకుని పాటని చెరిపావు."

యున్-చెన్ ముక్కు తుడుచుకుంది. చెరపకముందు తీసిన జాబితా తెర మీద ఇంకా ఉంది. స్టేషన్ ఫోల్డరులోని పాట వరసలో ఒక అంకె కనిపించింది.

"ఈ రెండేమిటి?"

పెంగ్ చెవి గోక్కున్నాడు. "దానికున్న పేర్ల లెక్క. ఒకే ఫైలుకి రెండు పేర్లుండొచ్చు. అన్ని పేర్లూ చెరిపితేగానీ ఫైలు పోదు."

"అంటే ఇంకో పేరుతో బతికే ఉందా!"

పెంగ్ పసుపు ప్యాకెట్ సర్దడం మొదలుపెట్టాడు. వరస మొదట్లో ఉన్న, పేరు మారినా మారని ఫైలు నంబరు పట్టుకుని ఆమె సర్వరంతా వెతికించింది. దొరికింది. పెంగ్ ఫోల్డరులో, 'మధ్యాహ్నం అన్నం' అనే పేరుతో.

"అన్నా! తెలిసీ ఏడిపించావా?"

"నాదీ ఆ ఫైలుకే ఇంకో పేరని ఆ రెండు చూశాకే గుర్తొచ్చిందే! మా అమ్మా ఆ పాటే పాడేది. రోజూ అన్నం తింటూ వింటాను. నిన్నడగడానికి మొహమాటమేసింది." ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "పోనీ, నీ పేరు పెట్టుకో. నాది తీసేస్తాలే."

"తీశావంటే చెయ్యి విరగ్గొడతా!"

అమ్మమ్మ పాట వినేది తనొక్కతే అనుకుందిన్నాళ్లూ. ఆమెకి ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పొంగింది. పాటకి రెండో పేరుగా అమ్మమ్మ పేరు పెట్టి జాబితా తీసింది. ఒకటిగా మిగిలిన అంకె, రెండయింది.