పదిలో రెండు

మధ్యాహ్నం రెండు దాటింది. రెండో అంతస్తు వార్డులో ముప్ఫై నాలుగు మంచాలకి ఇద్దరు నర్సులు. వాళ్ళలో చిన్నామె పొద్దున కళ్ళు తిరిగి పడిపోతే ఇంటికి పంపించేశారు. మిగిలిన పెద్ద సిస్టరు బల్ల దగ్గర నిలబడే కాగితాలు నింపుతోంది. రెండు, రెండు, మూడు, రెండు, మళ్ళీ రెండు. తలెత్తి ఏ మంచం వైపూ చూడడం లేదు.

అవి నొప్పి కాగితాలు. సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంతుందో నాలుగు గంటలకోసారి రోగిని అడిగి రాయాలి. అంకె నాలుగు దాటితే డాక్టరుకి ఫోను చెయ్యాలి, రెండు పేజీల ఫారం నింపాలి, మందుల గదికి చీటీ పంపాలి, అరగంట పోయాక మళ్ళీ వచ్చి అడగాలి. నియమం మంచిదే. ఆరుగురు నర్సులున్న చోట ఎవరో పుణ్యాత్ములు రాసి ఉంటారు. ఒక్క మనిషి ముప్ఫై నాలుగు మంచాలకీ తిరుగుతూ ఆ నియమం పాటించాలంటే బ్రహ్మదేవుడి వల్ల కూడా కాదు. అందుకే ముందే రాసేయడం అలవాటైంది. ఎవరైనా పట్టుబట్టి ఎనిమిదంటే, "కాస్త ఓర్చుకోండి, నాలుగని రాస్తాను," అని కూరగాయల బేరంలా తగ్గించేవాళ్ళు. రోగులకీ అది తెలిసిపోయింది. ఎక్కువ చెబితే విసుక్కుంటారు, తక్కువ చెబితే మంచిగా చూస్తారు.

అంకెలు తక్కువున్న వార్డుకి నెలాఖరున మేనేజరు గోడ మీద ఒక నక్షత్రం అంటిస్తాడు. ఈ గోడ మీద పదకొండున్నాయి. ఆకాశంలో ఉంటే ఎవరికైనా దారి చూపించేవి.

"ఏంటి ఆయమ్మా, కూర్చున్నావు?"

పెద్ద సిస్టరు చేతిలో పెన్ను ఆగింది. దుప్పట్ల బీరువా పక్కన ఆయమ్మ నేల మీద చతికిలబడి ఉంది. తడిగుడ్డ కర్ర ఒళ్ళో అడ్డంగా పడి ఉంది. పంతొమ్మిదేళ్ళుగా ఆ వార్డు తుడుస్తున్న మనిషి, పని వేళలో కూర్చోగా ఎవరూ చూడలేదు. పొద్దున కూడా హుషారుగానే ఉంది. నర్సింగు పిల్లలకి పెద్ద సిస్టరు పాఠం చెబుతుంటే పక్కనే తుడుస్తూ విన్నది. గుండె పిడికిలంత ఉంటుందనీ, నిమిషానికి డెబ్భై రెండు సార్లు కొట్టుకుంటుందనీ, పుట్టక ముందు మొదలుపెట్టి పోయేదాకా ఆగదనీ పాఠం. ఆయమ్మ నడుం నిటారుగా చేసి, "దానికీ సెలవు లేదన్నమాట. అదీ కాంట్రాక్టు పనేనా సిస్టరమ్మా?" అంది. పిల్లలు పడీ పడీ నవ్వారు.

"ఏం లేదు సిస్టరమ్మా. వీపు పట్టేసింది. దవడ కూడా లాగుతోంది, పుచ్చు పన్నేమో."

"కడుపులో ఎలా ఉంది?"

"వికారంగా ఉంది. పొద్దున తిన్నది అరగలేదు."

"నొప్పి పదిలో ఎంత?"

అడగాలని అడగలేదు. ఇరవై రెండేళ్ళ అలవాటు నోట్లోంచి దానంతటదే వచ్చింది. ఆయమ్మ ఆమె చేతిలోని కాగితాల వైపు ఒకసారి చూసింది. తర్వాత తలుపు వైపు చూసింది.

"రెండు," అంది.

పెద్ద సిస్టరు నమ్మింది. నమ్మితే పని తేలికవుతుంది మరి.

వరండా చివర హాయి గది ఉంది. కిందటేడు తెరిచారు. అందులో మెత్తటి సోఫా, వేడినీళ్ళ సంచులు, వాసన నూనెలు, గోడలోంచి వినిపించే వేణువు. ఊపిరి ఎలా తీసుకోవాలో బొమ్మలు. మర్దనా, సంగీతం, ఊపిరి కసరత్తు నొప్పికి మంచి చేస్తాయి, అందులో అబద్ధం లేదు. మందుతో పాటు వాడమని పుస్తకంలో ఉంది. మందుకి బదులు వాడమని మేనేజరు చదువుకున్నాడు. ఆయమ్మ రోజూ ఆ గది తుడుస్తుంది గానీ ఆ సోఫా మీద ఏనాడూ కూర్చోలేదు. పెద్ద సిస్టరు చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకొస్తే గుమ్మంలోనే ఆగింది.

"వద్దమ్మా, ఎవరైనా చూస్తే బాగుండదు."

"నేనున్నాను కదా. పడుకో."

పెద్ద సిస్టరు నూనె చేతుల్లో వేడి చేసుకుని ఆమె వీపు రుద్దింది. ఆ వీపు బల్లచెక్కలా ఉంది. రెండు నిమిషాలకి ఆయమ్మ వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది.

"నొప్పిగా ఉందా?"

"లేదమ్మా. నా వీపు మీద ఎవరైనా చెయ్యేసి ఎన్నేళ్ళయిందో, అది గుర్తొచ్చింది. మీ చెయ్యి చల్లగుండ."

ఆ వీపంతా చెమట. తువ్వాలుతో తుడిస్తే మళ్ళీ పట్టింది. పెద్ద సిస్టరు నూనె అనుకుంది, ఉక్క అనుకుంది. నాడి చూద్దామని మణికట్టు అందుకోబోతుంటే పదకొండో మంచం గంట మోగింది. ఆపకుండా మోగుతోంది.

"నాలుగంకెలు లెక్కపెట్టి ఊపిరి తీసుకో, ఆరు లెక్కపెట్టి వదులు. పది నిమిషాల్లో వస్తాను."

"మీరు వెళ్ళండమ్మా. నాకేం కాదు. ఇలా పడుకున్నానని మాత్రం ఎవరికీ చెప్పకండి."

పదకొండో మంచం వాంతి, అది తేలేలోపు ఇరవయ్యో మంచం సెలైను, ఈలోగా లెక్క అడగడానికి మేనేజరు ఫోను. పది నిమిషాలు నలభై అయ్యాయి. ఆమె తిరిగొచ్చేసరికి ఆయమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పెదవులు నల్లబడ్డాయి. పెద్ద సిస్టరు కేక వేసి, ఆమెని నేల మీదకి దించి, రెండు చేతులూ ఛాతీ మీద పెట్టి నొక్కింది. డాక్టరు వచ్చాడు, మిషను వచ్చింది. అరగంట నొక్కారు. పిడికిలంత గుండె మళ్ళీ పనిలోకి రాలేదు. అందరూ లేచాక గానీ గదిలో వేణువు ఇంకా వినిపిస్తోందని ఎవరూ గమనించలేదు.

మర్నాడు పొద్దున ఆయమ్మ కూతురు మేట్రను గదికి వచ్చింది. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే పిల్ల. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది. తల్లి చెప్పులూ, కడగని టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మా అమ్మ చాలా బాధపడిందా మేడం?"

"లేదమ్మా, హాయిగా పోయింది," అంది మేట్రను. "సిస్టరు అడిగింది కూడా. నొప్పి పదిలో రెండే అందట."

కూతురు తలెత్తింది. "మా అమ్మ అలాగే అంటుంది మేడం. నేను రెండ్రోజులు అడ్డం తిరిగి పుట్టాను. అప్పుడు కూడా కాస్త నొప్పేనందట." టిఫిన్ డబ్బా గుండెకి హత్తుకుంది. "మొన్న ఇంట్లో గుండె పట్టుకుని కూర్చుంది. ఆసుపత్రిలోనే ఉంటావు కదమ్మా, చూపించుకో అన్నాను. కింద అంతస్తు ఆయమ్మ నడుం నొప్పి ఎనిమిదని చెప్పిందట. సోమవారానికల్లా కాంట్రాక్టరు ఆమె జాగాలో వేరే పిల్లని పెట్టాడట. నోరు మూసుకుని రెండంటే పోతుందిలే, అంది."

పెద్ద సిస్టరు గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఆ రెండు ఆయమ్మ ఎక్కడ నేర్చుకుందో ఆమెకి తెలుసు. పంతొమ్మిదేళ్ళు, మంచం మంచానికీ, తన నోటి వెంటే విన్నది. తను నేర్పిన అబద్ధాన్నే తనకి తిరిగి చెబితే, నిజమని నమ్మి వదిలేసింది. సిగ్గుతో ఆమె కుంచించుకుపోయింది.

కూతురు వెళ్ళాక మేట్రను రిపోర్టు కాగితం ముందుకి తోసింది.

"పని మీద ఉండగా పోయింది. రేపు ఎవరైనా అడిగితే అందరి పీకల మీదకీ వస్తుంది. నొప్పి రెండని రాసి సంతకం పెట్టు. అబద్ధం కూడా కాదు కదా, తనే చెప్పింది."

"తను చెప్పింది. నేను చూసింది అది కాదు మేడం."

"ఏం చూశావు?"

"చెమట. చల్లటి చెమట. ఉక్కకి పట్టే చెమట అలా ఉండదు. పిల్లలకి ప్రతి ఏడూ నేనే చెబుతాను, ఆడవాళ్ళకి గుండెపోటు నొప్పి ఒక్కోసారి దవడలోనో, వీపులోనో, కడుపులోనో వస్తుందని. నా చేతికి తెలిసింది. నేను వినిపించుకోలేదు."

పెన్ను తీసుకుని అదే రాసింది. దవడ లాగుతోందంది. వికారమంది. వీపున చల్లటి చెమట. నాడి చూడలేదు. డాక్టరుని పిలవలేదు. వార్డులో ఒక్కదాన్నే ఉన్నాను. కింద సంతకం పెట్టింది.

మేట్రను చదివి కళ్ళజోడు తీసింది. "ఇది ముందు నీ మెడకే చుట్టుకుంటుంది. ఇంకా ఏడేళ్ళ సర్వీసుంది నీకు."

"చుట్టుకోనివ్వండి."

పెన్ను బల్ల మీద పెట్టి బయటికి నడిచింది. వార్డుకి వచ్చేసరికి పది గంటల కాగితాలు బల్ల మీద దొంతరగా ఉన్నాయి. నేల ఎవరూ తుడవలేదు. చిన్న సిస్టరు నీరసంగానే డ్యూటీకి వచ్చి, అలవాటు కొద్దీ పెన్ను మూత తీసి అంకెలు మొదలుపెట్టబోయింది.

"రాయకు," అంది పెద్ద సిస్టరు.

"పదిన్నరకి మేనేజరు వస్తాడక్కా. ఖాళీగా ఉంటే..."

"ఖాళీగానే ఉండనీ."

కాగితాలన్నీ చంకన పెట్టుకుని మొదటి మంచం దగ్గరికి వెళ్ళింది. నిన్న తొడ ఎముకకి ఆపరేషనైన ముసలాయన. మేస్త్రీ పని చేసేవాడు. దుప్పటి అంచు రెండు పిడికిళ్ళతో పట్టుకుని ఉన్నాడు. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి.

"తాతా, నొప్పి పదిలో ఎంత?"

ఆయన ఆమె చేతిలోని కాగితాల వైపు చూశాడు. తర్వాత తలుపు వైపు చూశాడు.

"రెండమ్మా," అన్నాడు.

పెద్ద సిస్టరు రాయలేదు. కాగితాలు కింద పెట్టి, స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. బిగిసిన పిడికిలి మీద చెయ్యి వేసి, మణికట్టు వెతికి పట్టుకుంది. నాడి పరిగెడుతోంది.

"నేనెక్కడికీ వెళ్ళను తాతా. మళ్ళీ అడుగుతున్నాను," అంది.

ముసలాయన పెదవులు కదిలాయి. వరండాలో మేనేజరు బూట్ల చప్పుడు దగ్గరవుతోంది.