సంబంధం లేదు

ఆ ప్రకటన వచ్చినప్పుడు ఇంట్లో ఉన్న ఇద్దరూ టీవీ ముందే ఉన్నారు. ఒకరు ఎన్నికల్లో నిలబడ్డ టీచరమ్మ, రెండోవాడు బస్సు డ్రైవరైన ఆమె మరిది. తెర మీద బోల్తా పడ్డ బస్సు, గుడ్డ కప్పిన మూడు శవాలు. తర్వాత మరిది గుర్తింపు కార్డు ఫొటో, పక్కనే మందు సీసా. "తాగుబోతుల చేతికి స్టీరింగ్ ఇచ్చిన ఛైర్మన్‌కే మళ్ళీ మీ ఓటా?" అని ఒక గొంతు ఉరిమింది.

ఆ ఆర్టీసీ ఛైర్మనే ఈ ఎన్నికల్లో ఆమె ప్రత్యర్థి. ప్రకటన వేయించింది ఆమె శ్రేయోభిలాషులే. శత్రువులైతే ముందు కాస్త ఆరా తీసేవారు, అభిమానులకి అంత తీరికేదీ! ఆ డ్రైవర్ పదేళ్ళ వయసు నుంచీ ఆమె చేతి ముద్ద తిని పెరిగాడని వాళ్ళకి తెలియదు.

మరిది బీరువాలోంచి ఆ ప్రమాదం తాలూకు కాగితాలు తీశాడు. రక్తంలో మద్యం చుక్క కూడా లేదు. అడ్డంగా వచ్చిన లారీదే తప్పని విచారణలోనూ తేలింది.

"డిపోవాళ్ళు రేపు రావద్దంటున్నారు వదినా. అబద్ధమని నువ్వొక్క మాట అను. నువ్వంటే నమ్ముతారు."

"అంటాన్రా. అనకుండా ఎలా ఉంటాను?"

నిజంగానే అందామనుకుంది, పార్టీ ఆఫీసుకి వెళ్ళేదాకా. అక్కడ ఆమె ఎన్నికల ఏజెంటు తల పట్టుకుని కూర్చున్నాడు.

"అబద్ధమన్నారో, ఛైర్మన్ కడిగిన ముత్యంలా బయటపడతాడు మేడమ్. ఖండించొద్దు, వెనకేసుకు రావొద్దు. సంబంధం లేదనేయండి. నాలుగు రోజులు ఓపిక పడితే చాలు."

అబద్ధమాడిన పిల్లల్ని ముప్పై ఏళ్ళు బెంచీ ఎక్కించిన మనిషి బుద్ధిగా తలూపింది.

గేటు దగ్గర మైకులు ముసురుకున్నాయి. "ఆ ప్రకటనతో నాకే సంబంధమూ లేదు" అంది. గొంతు వణకలేదు. వెనకనుంచి ఒక విలేకరి అరిచాడు:

"ఆ డ్రైవర్ మీ ఇంట్లోనే ఉంటాడటగా? మీకేమవుతాడు?"

కంఠతా పట్టిన మాట ఇంకా నోట్లోనే ఉంది. "నాకే సంబంధమూ లేదు" అనేసింది.

అన్నాక గానీ ఏమన్నదో తెలియలేదు. దిద్దుకోవచ్చు, మైకులు కదల్లేదు. ఏజెంటు కారు తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె ఎక్కి కూర్చుంది. ఆ తప్పు మాత్రం ఏ శ్రేయోభిలాషి మీదికీ నెట్టడానికి లేదు.

ఇంటికొచ్చేసరికి టీవీలో ఆమె అన్న ఆ మాటే మోగుతోంది. మరిది చెప్పులు వేసుకుని, సంచీ భుజాన తగిలించుకుని గడప బయట నిలబడి ఉన్నాడు.

"ఒరేయ్, నేనన్నది ప్రకటన గురించిరా..."

అతను జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి రెండు చేతులా అందించాడు.

"తీసుకోండి, మేడమ్‌గారూ."