దీపం ముందు జరగని కథ

ఇది యుద్ధం ఆగిన మరుసటి ఏడాది మాట.

కూర్మయ్య జముకు కథ చెప్పడానికి ఏటా మాఘమాసంలో పొందూరు వచ్చేవాడు. మా వీధి అంతా వడికేవాళ్లూ నేసేవాళ్లూ. పన్నెండు గడపలు. తొమ్మిది రోజులూ ఒకే కథ, రోజుకు కొంత. పొద్దు వాలుతుండగా మొదలుపెట్టి దీపాలవేళకు ఆపేవాడు. చంకలో జముకు పెట్టుకుని, దాని చర్మం మధ్య నుంచి లాగిన తంతిని మీటుతూ చెబుతుంటే, మా ఆడవాళ్లు పత్తి దువ్వుకుంటూ వినేవారు. చేతులు ఆడుతుంటేనే వాళ్లకు చెవులు పనిచేస్తాయి.

కథకు ముందు కొత్త ప్రమిదలో దీపం పెడతారు. నూనె కోమటి నగరేశ్వరరావు గారిది. దీపం వెలిగాక చెప్పేది జరిగిన మాటే అయి ఉండాలి. రాజుల కథైనా, అమ్మవారి కథైనా, ఒకప్పుడు జరిగిందని పదిమందీ నమ్మినదే చెప్పాలి. వేళాకోళాలూ కల్పనలూ ఉంటే వత్తి ముట్టించక ముందే. అది మా వీధి పట్టు.

ఇంకో పట్టు కూడా ఉంది. చివరి రోజున ప్రతి గడప నుంచీ ఒక చిలప, అంటే ఒక చుట్ట నూలు వస్తుంది. ఆ పన్నెండు చిలపలతో నేను కూర్మయ్యకు కండువా నేస్తాను. అది భుజాన వేసుకుని అతను నరసన్నపేట వైపు వెళతాడు. పొందూరు కండువా భుజాన ఉంటేనే ఆ పక్క ఊళ్లవాళ్లు కథకు పిలుస్తారు. ఒక్క గడప నూలు తగ్గినా మగ్గం ఎక్కించకూడదు. అంతకుముందు ఎన్నడూ తగ్గలేదు.

మా ఇంట్లో అమ్మ జగ్గమ్మ, నా భార్య గౌరి, నేను. తమ్ముడు గోవిందు యుద్ధానికి ముందే కూలీల మేస్త్రీ వెంట రంగూను వెళ్లాడు. మా వాళ్లు రంగం అంటారు. అక్కడ బియ్యం మిల్లులో కూలి. బాంబులు పడ్డాక అడవుల వెంట నడిచి వచ్చినవాళ్లు వచ్చారు. వాడు రాలేదు. పోయాడని చెప్పినవాళ్లూ లేరు.

అమ్మ మా వీధిలో అందరికంటే సన్నగా వడికేది. ఆ ఏటి నుంచి రాట్నం ముట్టలేదు. దువ్వెనలా వాలుగ చేప దవడ పట్టుకుని పత్తి దువ్వేది, దువ్విన పత్తినే మళ్లీ దువ్వేది. మా గడప చిలప గౌరే వడికి ఇస్తూ వచ్చింది.

రోజూ టపా వేళ దాటాక అమ్మ గుమ్మంలోకి వచ్చి అడిగేది.

"ఉత్తరమొచ్చిందేట్రా జగన్నాధం?"

"రేపొస్తాదిలే అమ్మా."

"అంతేలే," అని లోపలికి వెళ్లేది.

నాలుగేళ్లు ఇవే మాటలు. నేను మాట తక్కువ మనిషిని. ఇంకో మాట వెతుక్కోలేదు.

ఆ ఏడాది ఆరో రోజున దీపం పెట్టేశారు. జనం కూర్చున్నారు. వంత పాడే కూర్మయ్య తమ్ముడు నోరు తెరిస్తే గాలి తప్ప గొంతు రాలేదు. ఆనాటి ఘట్టం తల్లీకొడుకుల సంవాదం, రెండు గొంతులు లేకుండా నడవదు. వెలిగించిన దీపాన్ని ఆర్పకూడదు, దాని ముందు ఊరికే కూర్చోనూ కూడదు. కూర్మయ్య తమ్ముడి వంక చూశాడు, దీపం వంక చూశాడు. చాలాసేపు తంతి మీటాడు.

"ఇది రాజుల కథ కాదమ్మా," అన్నాడు చివరికి. "ఇదే పొందూరు. ఇదే ఈధి. మన మనవల మనవలు బతికే కాలం. ఈ పూటతో మొదలు, ఈ పూటతో సరి."

ఆ కాలంలో చందమామ మీదికి ఇనప ఓడలు పోతాయట. అక్కడ తెల్లరాయి కొట్టడానికి మన వైపు నుంచి కూలీలను తీసుకుపోతారట. మేస్త్రీ ఇంటింటికీ వచ్చి పేర్లు రాసుకుంటాడట.

"ఆ మేస్త్రీ సందమామనీ వొదల్లేదేటి?" అన్నాడు మా ఎదురింటి నారాయణమూర్తి. అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు.

ఓడ ఎక్కేవాడు ఇంట్లో ఒక పెట్టె వదిలి వెళతాడు. అందులో అతని గొంతు ఉంటుంది. పలకరిస్తే పలుకుతుంది, తనంతట తానూ పలకరిస్తుంది. ఒక ముసలమ్మకు ఒక్కడే కొడుకు. వాడు వెళ్లిన దగ్గర్నుంచి రోజూ సాయంత్రం పెట్టె అడుగుతుంది: "అమ్మా, తిన్నావా?" ముసలమ్మ "తిన్నాన్రా" అంటుంది. "మంచిదమ్మా" అంటుంది పెట్టె. ఏడాదికి రావలసిన ఓడ రాలేదు. రెండో ఏడూ రాలేదు. పెట్టె మాత్రం వేళ తప్పకుండా అడుగుతూనే ఉంది. ఒకనాడు ముసలమ్మకు జ్వరం. పొయ్యి వెలగలేదు. సాయంత్రం పెట్టె అడిగింది. "తిన్నాన్రా" అంది ముసలమ్మ. "మంచిదమ్మా" అంది పెట్టె.

ఇక్కడ కూర్మయ్య తంతి మీటడం ఆపేశాడు.

"నా కొడుకైతే నా గొంతు ఇని అబద్ధమని పట్టీసును, అనుకున్నాది ఆ ముసిల్ది. లేసింది. పెట్టి మీద గుడ్డ కప్పింది. గిన్ని సేత్తో పట్టుకుని పక్కింటికెళ్లింది, ఇంత గంజడగడానికి."

ఒక్కసారి జుమ్మని మీటి జముకు కింద పెట్టాడు.

"తరవాత?" అంది నారాయణమూర్తి భార్య అమ్మడు.

"అంతేనమ్మా."

"కొడుకొచ్చినాడా నేదా?"

"అంతవరకే నాకు తెలుసు."

దీపం ఇంకా సగం నూనెతో వెలుగుతూనే ఉంది. జనం లేవలేదు. లేచినవాళ్లు ఇళ్లకు వెళ్లలేదు. వీధిలో గుంపులు గుంపులుగా నిలబడిపోయారు.

మర్నాటికి వీధి రెండయింది. నగరేశ్వరరావు గారు కొట్టు ముందు నిలబడి వచ్చిన ప్రతివాళ్లతోనూ ఒకటే మాట.

"నా నూని పోసి ఎలిగించిన దీపం. దాని ముందు జరగని మాట సెప్పినాడు. దేవుడు నేడు, రాజు నేడు, సివర నేదు. అబద్ధం కాక మరేటిది?"

మిషను బడి మాస్టరు కృపానిధి గారు అగ్గిపెట్టె కొనడానికి వచ్చి ఇరుక్కున్నారు. "జరగబోయేదాన్ని అబద్ధమని ఎలా అంటామండీ? ఇంకా జరగలేదు, అంతేగా."

"అయితే జరిగినాక వొచ్చి సెప్పమనండి మేస్టారూ. దీపం అప్పుడెలిగిద్దాం."

మాస్టరు అగ్గిపెట్టె తీసుకుని నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

నారాయణమూర్తికి ఆ కథ పిచ్చి పట్టింది. "అయిదు రోజుల రాజు ఒకెత్తు, ఈ ఒక్క పూట ఒకెత్తు బావా. మగ్గం మీద నాడె ఇసురుతుంటే ఆ పెట్టే అడుగుతన్నాది నన్ను." అమ్మడికి ఒళ్లు మండింది. "ఉప్పెయ్యని కూరలాగున్నాది. కొడుకొచ్చినాడో నేదో సెప్పకండా లేసిపోతే మాకు నిద్దరెలాగ పడతాది?" నిద్ర పట్టకపోవడమే మంచి కథ గుర్తు అని మొగుడు, అది అజీర్తి గుర్తు అని పెళ్లాం. రెండు రోజులు అన్నం పెట్టేటప్పుడు కూడా వాళ్లు మాట్లాడుకోలేదు.

నన్ను అందరూ అడిగారు. మగ్గం మీద పనుందన్నాను.

నిజానికి ఆ రోజు నుంచి నాకు పని సాగలేదు. పడుగు పోగులు తెగితే అతుకుతున్నాను కానీ కళ్లు గుమ్మం మీదే. ఏడో రోజు అమ్మ ఉత్తరం మాట అడగలేదు. ఎనిమిదో రోజూ అడగలేదు. అడిగితే ఏమనాలో నాకు తెలియలేదు. ఆ "రేపొస్తాదిలే" నోట్లోకి వస్తుంటే కూర్మయ్య పెట్టె గుర్తొచ్చేది. మా ఇంట్లో పెట్టె ఎవరో నాకు ఆనాడే తెలిసిపోయింది. అమ్మకూ తెలిసిందేమోనని భయపడ్డాను.

కూర్మయ్య తమ్ముడికి మిరియాల కషాయంతో గొంతు కొంచెం తేరింది. మిగిలిన మూడు రోజులూ అసలు కథ నడిచింది. రాజు గెలిచాడు, అమ్మవారు కనిపించింది. జనం తల ఊపారు కానీ ఎవరి మనసూ దాని మీద లేదు.

తొమ్మిదో రోజు ఒక బుట్ట పెట్టారు. చిలపలు వేయడానికి. ఆరు పడ్డాయి. ఆగిపోయింది. నారాయణమూర్తి తన చిలప పట్టుకుని లేస్తే అమ్మడు అతని పంచె అంచు పట్టుకుని కూర్చోబెట్టింది. ఆ నూలు ఆమె వడికింది.

నగరేశ్వరరావు గారు గొంతు సవరించుకున్నారు. "కూర్మయ్యా, నీ మీద మాకు కోపం నేదు. దీపం ముందు తప్పయిపోనాదని ఒక్క మాట అను. ఆ పెట్టి కథ మరెక్కడా సెప్పనని అను. నూలు పడిపోతాది."

కూర్మయ్య లేచి నిలబడ్డాడు. భుజం మీద నిరుటి కండువా. అంచులు నలిగిపోయాయి. కిందకు చూస్తూ అన్నాడు:

"తప్పంటే తప్పే బాబూ. మీ దీపం. కానీ మరి సెప్పనని మాత్రం అన్లేను. సెప్పినాక అది నాది కాదు గదా."

"అయితే నూలు నేదు."

కూర్మయ్య జముకు సంచిలో పెట్టుకోవడం మొదలుపెట్టాడు. తమ్ముడు బుట్ట వంక చూసి తల తిప్పుకున్నాడు. ఏళ్ల తరబడి నడిచి వచ్చిన దారి వాళ్లకు అక్కడితో ఆగిపోతున్నట్టు ఉంది. నేను లేవాలనుకున్నాను. మా చిలప ముందే పడింది, గౌరి వేసింది. ఇంకేం వేయాలో, ఏం చెప్పాలో తెలియక కూర్చున్నాను.

అప్పుడు అమ్మ లేచింది. బుట్ట దగ్గరికి వెళ్లి గౌరి వడికిన చిలపను బయటికి తీసింది. మా గడప కూడా ఆ పక్కకు పోయిందనుకున్నారు అందరూ.

"నగరేశ్వరం బాబూ," అంది. "జరగని మాటని ఎవులు సెప్పినారు నీకు?"

"సందమామ మీదికి ఓడెళ్లడం జరిగిందేటి అప్పా?"

"ఓడ సంగతి నాకు తెల్దు. పెట్టి మా ఇంట్లో ఉన్నాది." నా వైపు తిరగకుండానే చెయ్యి చూపించింది. "నాలుగేళ్లై రోజూ అడుగుతన్నాను. రేపొస్తాదిలే అంటాది. అంతేలే అంటన్నాను. వాడికీ తెలుసు, నాకూ తెలుసు. నానేడిస్తానని వాడు, వాడేడిస్తాడని నాను." ఆగింది. "ఆ ముసిల్ది పెట్టి మీద గుడ్డ కప్పినప్పుడు నా సెయ్యే కప్పినట్టున్నాది. అదెక్కడో జరగాల్సిన పని నేదు. జరిగింది."

 నగరేశ్వరరావు గారు దీపం వంక చూశారు, తన నూనె ఎంత ఉందో చూసుకుంటున్నట్టు. ఆయన మేనల్లుడు కూడా రంగంలోనే ఆగిపోయాడు. ఆ సంగతి ఆయన కొట్లో ఎవరూ ఎత్తరు.

"ఆ మాట దీపం ముందంటన్నావా జగ్గమ్మప్పా?"

"దీపం ముందే అంటన్నాను."

"సరే," అన్నారాయన. "అయితే నాకేటి అడ్డు?"

అమ్మడు మొగుడి పంచె వదిలేసింది. "కొడుకొచ్చినాడో నేదో నాకు మటుకు సెప్పాల," అంటూనే తన చిలప తనే వేసింది. ఇప్పటికీ ఆమె ఆ కథ బాగాలేదనే అంటుంది. మిగిలిన చిలపలూ ఒకటొకటిగా పడ్డాయి. పదకొండు.

"మా గడపది రెండ్రోజులాగాల," అంది అమ్మ. "నానే వడుకుతాను."

మర్నాడు సాయంత్రం నేను మగ్గం గుంటలో కూర్చుని, పోగులు విడదీసే పన్నెను ఊరికే తుడుస్తున్నాను. అమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఉత్తరమొచ్చిందేట్రా?"

"నేదమ్మా." పన్నె తుడవడం ఆపాను. "వస్తాదో రాదో నాకు తెల్దు."

అమ్మ తల ఊపింది.  పైట చెంగుతో ముఖం తుడుచుకుంది.

"తిన్నావేటి?"

"తిన్నాను."

"అబద్ధం," అంది. "రా, కూకో."

నేను తిన్నంతసేపూ ఎదురుగా కూర్చుంది. గోవిందు చిన్నప్పుడు రాట్నం కదురు వంచేసిన సంగతి తనే ఎత్తింది. గౌరి లోపల్నుంచి వచ్చి గోడకు ఆనుకుని వింది. నాలుగేళ్లలో వాడి పేరు మా ఇంట్లో ఉత్తరం మాట లేకుండా వినిపించడం అదే మొదలు.

రెండు రోజులూ అమ్మ వడికింది. వేళ్లు మునుపటిలా లేవు. నూలు ఒకచోట సన్నం, ఒకచోట లావు, మధ్యలో చిన్న చిన్న ముడులు. అలాంటి నూలు ఇంకెవరిదైనా నేను వెనక్కి పంపేవాణ్ని. దాన్ని కండువా ఒక చివర పేకగా నేశాను, పైకి కనబడేటట్టు.

కండువా మగ్గం దిగేదాకా కూర్మయ్య మా అరుగు మీదే ఉన్నాడు.  అతనితో ఎన్నో చెప్పాలనుంది. నువ్వు ఆ పూట ఆ కథ చెప్పకపోతే నేను ఇంకా ఎన్నేళ్లు ఆ మాటే అంటూ ఉండేవాణ్నో అని చెప్పాలనుంది. చేతకాలేదు. వెళ్లే పొద్దున కండువా మడత పెట్టి చేతికిచ్చాను.

అతను మడత విప్పి చివర వేలితో తడిమాడు. ముడుల దగ్గర వేలు ఆగింది. అమ్మ వంక చూసి ఆ చివరే ముందుకు వచ్చేలా భుజాన వేసుకున్నాడు. తరవాత అలవాటుగా మూరతో కొలుచుకున్నాడు. మరోసారి కొలిచాడు.

ఏటా నేసేదానికంటే జానెడు పొడుగు నేశాను.

కూర్మయ్య నా వంక చూశాడు. జముకు చంకన పెట్టుకుని తమ్ముడితో నరసన్నపేట దారి పట్టాడు.